సింగిల్ లాగిన్ సెటప్ అని చెప్పి 28 వేలు తీసుకున్నాడు, జాగ్రత్త

కావలిలో నాకు చిన్న ఆన్‌లైన్ ప్రాక్టీస్ సెంటర్ ఉంది. 22 సిస్టమ్స్, ఒక విండోస్ సర్వర్. బ్యాంకు పరీక్షలకీ డీఎస్సీకీ పిలకాయలొచ్చి మాక్ టెస్టులు రాసుకుంటారు. మనిషికో లాగిన్, నెలకింత అని ఫీజు. ఒకడు కట్టి నలుగురికి పాస్‌వర్డ్ పంచుతున్నాడని అనుమానమొచ్చి, ఒక పేరుతో ఒకేసారి ఒక్క సిస్టమ్‌లోనే లాగిన్ అయ్యేలా పెట్టించుకుందామని, నెల్లూరు ట్రంకు రోడ్డులో కంప్యూటర్ పనులు చేసే ఒకాయన్ని పిలిపించా. పేరు రాయను, ఈ లైన్లో ఉన్నవాళ్లకి ఎవరో తెలిసిపోతుంది.

వచ్చాడు, గంటసేపు ఏదో కొట్టాడు. తన ల్యాప్‌టాప్‌లో ఒక పేరుతో రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే సర్వర్ స్క్రీన్‌ని తన ల్యాప్‌టాప్‌లోనే తెరుచుకుని, సర్వర్‌లోకి వెళ్లాడు. అదే పేరు నా ల్యాప్‌టాప్‌లో కొట్టగానే ఆయన స్క్రీన్ టక్కున ఊడిపోయింది. "చూశారా సార్, ఒక పేరు ఒక్క చోటే" అన్నాడు. నోరు తెరుచుకుని చూసి, అక్కడికక్కడే ఫోన్‌పే చేశా. పక్క గదిలోనే 22 సిస్టమ్స్ ఉన్నాయి. లేచెళ్లి రెండింట్లో కొట్టి చూడాలని తట్టలేదు. ఎమ్మెస్సీ చదివానట నేను!

మొన్న ఆదివారం ఒకే పేరు మీద నలుగురు నాలుగు సిస్టమ్స్‌లో దర్జాగా రాస్తున్నారు. అందులో ఒకడు ఏసీ పెంచమని నన్నే అడిగాడు.

ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తాడు. "నేను పెట్టింది పెట్టినట్టే ఉండాది. మీ పిలకాయలు దొంగలైతే నేనేం చేసేది? ఒక్కోడి పక్కన ఒక వాచ్‌మెన్‌ని కూర్చోబెట్టుకో" అన్నాడు. డబ్బు తీసుకునేదాకా సార్, మీరు. తర్వాత నువ్వు. వెనకాల ఎవరో నవ్వడం కూడా వినిపించింది. 28 వేల కంటే ఆ నవ్వే ఇంకా మండుతోంది.

రాత్రి చెన్నైలో ఉన్న మా మేనల్లుడికి చెబితే వాడూ నవ్వాడు. ఆయన చూపించిన ఆ సెట్టింగ్ సర్వర్‌లో ముందే ఆన్‌లో ఉండి వస్తుందంట మామా అన్నాడు. అదీ ఆ ఒక్క సర్వర్‌లోకి రిమోట్‌గా వచ్చేవాళ్లకే. ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్ ముందు కూర్చుని లాగిన్ అయ్యేవాళ్లని అది పట్టించుకోదు. సర్వర్‌లో అందరి లాగిన్లూ చూసుకునే యాక్టివ్ డైరెక్టరీలో ఒక మనిషికి ఒకే లాగిన్ అనే ఆప్షనే లేదు. ఫలానా సిస్టమ్స్‌లోనే లాగిన్ అవ్వాలని కట్టడి చేయొచ్చు గానీ, ఒకేసారి ఎన్నింట్లో అన్నది అది లెక్కపెట్టదు. అది కావాలంటే విడిగా సాఫ్ట్‌వేర్ కొనాలి, లేదా స్క్రిప్ట్ రాయించుకోవాలి. అంటే ఫ్యానుకి ముందే ఉన్న రెక్కల్ని చూపించి నాకు రెక్కలమ్మాడు.

ప్రస్తుతానికి వాకిట్లో నోటు పుస్తకం పెట్టి సంతకాలు తీసుకుంటున్నా.

ఎవరైనా ఇలాంటిది చేయించుకుంటే డబ్బులిచ్చే ముందు మీ ల్యాబ్‌లోనే, మీ చేత్తోనే, రెండు సిస్టమ్స్‌లో ఒకే పేరు కొట్టి చూడండి. ఒక సిస్టమ్ ప్లగ్ పీకి కూడా చూడండి. కరెంటు పోయాక పాత లాగిన్ ఇంకా నడుస్తున్నట్టే లెక్కలో ఉండిపోతే, ఫీజు కట్టినోడే లోపలికి రాలేక మీ మీద అరుస్తాడు.