పీసీఓఎస్ మందులు: మాత్ర, సాషే, క్రీమ్, లూప్... ఏళ్లు వాడాక నా మాట

ఏడెనిమిదేళ్లుగా పీసీఓఎస్‌కి మందులు వాడుతున్నాను. అంటే హార్మోన్ల తేడా వల్ల పీరియడ్స్ తప్పడం, మగ హార్మోన్లు పెరగడం లాంటివి వచ్చే సమస్య. మాది ఒంగోలు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఇన్నేళ్ల మీద నాకు తెలిసింది ఒకటే. మందు పడట్లేదని మానేసే ముందు, అదే మందు ఇంకో రూపంలో ఉందేమో డాక్టర్‌ని అడగాలి. చాలామంది అడగరు, వాళ్లూ చెప్పరు.

మొదట రాసింది మామూలు మెట్‌ఫార్మిన్. ఇది షుగర్ మందు. పీసీఓఎస్‌లో ఇన్సులిన్ సరిగా పనిచేయనివాళ్లకి కూడా రాస్తారు. మందుల షాపతను చీటీ చూసి "ఇంత చిన్న వయసులోనే షుగరా మేడమ్?" అని నలుగురిలో అడిగేవాడు. అదైనా భరించవచ్చు, విరేచనాలతోనే చావొచ్చింది. టిఫిన్‌తో మాత్ర వేసుకుని ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుకి క్యాబ్ ఎక్కితే, సిల్క్ బోర్డు దగ్గర బండి ఆగేది, నా కడుపు ఆగేది కాదు. బెంగళూరు ట్రాఫిక్‌లో ఈ మందు వాడినవాళ్లకే ఆ టెన్షన్ తెలుస్తుంది.

తర్వాత ఇంకో డాక్టరమ్మ అదే మందు ఎస్.ఆర్. (సస్టెయిన్డ్ రిలీజ్, నిదానంగా విడుదలయ్యే) రూపంలో రాశారు. మోతాదు మారలేదు. ఈ మాత్ర పొట్టలో ఉబ్బి, జిగురుగా మారి, మందుని గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. రాత్రి భోజనంతో వేసుకుంటే సరి. నెల తిరక్కుండానే నా క్యాబ్ భయం పోయింది. విరిచి, నమిలి మాత్రం వేసుకోకూడదు. ఒక్కోసారి విరేచనంలో మాత్ర అలాగే కనిపిస్తుంది. మొదటిసారి చూసి హడలిపోయాను. అది ఖాళీ డొల్ల, మందు అప్పటికే ఒంట్లోకి వెళ్లిపోయి ఉంటుంది. షాపులో స్ట్రిప్ మీద ఎస్.ఆర్. అని ఉందో లేదో చూసుకోండి. ఒకసారి నాకు మామూలుది చేతిలో పెట్టారు, మర్నాడు పొద్దున్నే కడుపే చెప్పేసింది. ధర తక్కువే, జన ఔషధి కేంద్రంలో ఇంకా తక్కువ. ఏ రూపంలో వాడినా ఏళ్ల మీద విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఉంది కాబట్టి అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకుంటాను.

మయో-ఇనోసిటాల్ అని పీసీఓఎస్‌కి ఇచ్చే సప్లిమెంట్ పొడి సాషేలు కూడా చాన్నాళ్లు తాగాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఒక్కోదాంట్లో 2 గ్రాములు. నారింజ రుచి, బాటిల్ అడుగున చివరిదాకా కరగని పొడి. కడుపుని ఏమీ అనదు, అది నిజం. కానీ చాలావాటి మీద ఉండేది ఫుడ్ లైసెన్స్ నంబరే, మందు లైసెన్స్ కాదు. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు కూడా దీని ఫలితాలకి ఆధారాలు తక్కువే అన్నాయి. నాలో పెద్ద తేడా కనపడలేదు. నెలనెలా అంత డబ్బు పోసేంత సరుకు కాదని నా లెక్క.

అసలు చిక్కు పీరియడ్స్ తెప్పించడానికి ఇచ్చే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్‌తో వచ్చింది. నెలల తరబడి పీరియడ్స్ రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే అది క్యాన్సర్‌కి కూడా దారితీయొచ్చు. అందుకే మూడు నెలలు దాటనివ్వకుండా మందుతో డేట్ తెప్పిస్తారు. ప్రొజెస్టరాన్ క్యాప్సూల్ మింగితే నాకు మగతగా, తూలిపోతున్నట్టు ఉండేది. డాక్టరమ్మ అదే క్యాప్సూల్‌ని పడుకునే ముందు యోనిలో పెట్టుకోమన్నారు. మగత చాలావరకు పోయింది. పొద్దునకి కారి బట్టలు పాడవుతాయి, ప్యాడ్ తప్పదు. అయినా ఆఫీసులో కునికిపాట్ల కన్నా అదే నయం.

కళ్ల ముందు మెరుపులు వచ్చే మైగ్రేన్ ఉంది కాబట్టి పీసీఓఎస్‌కి రాసే, ఈస్ట్రోజెన్ హార్మోన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు నాకు పనికిరావన్నారు. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు "ప్యాచ్ వేసుకోవే, రింగ్ పెట్టుకోవే" అంటుంది. అంటించుకున్నా, లోపల పెట్టుకున్నా ఈస్ట్రోజెన్ ఈస్ట్రోజెనే. రక్తం గడ్డకట్టే ముప్పు దానితోపాటే వస్తుంది.

పాప పుట్టాక హార్మోన్ లూప్, అంటే గర్భసంచిలో పెట్టే చిన్న పరికరం, వేయించుకున్నాను. ప్రొజెస్టరాన్ లాంటి హార్మోన్ లెవోనార్జెస్ట్రెల్ 52 మిల్లీగ్రాములు ఉన్న రకం. మొదట్లో రోజుకి 20 మైక్రోగ్రాముల చొప్పున గర్భసంచిలోనే వదులుతుంది. అత్తయ్య "అదేదో లోపల పెట్టుకుంటే ఒళ్లు పాడవదుటే అమ్మాయ్?" అని గోల. ఒళ్లు పాడవలేదు గానీ వేసే రోజు చుక్కలు కనిపించాయి. చీమ కుట్టినట్టు ఉంటుందన్నారు ఆ ఆసుపత్రిలో. చీమ కాదు, తేలు. నొప్పికి ముందే ఏదైనా ఇవ్వమని అడిగి వేయించుకోండి. మొదటి కొన్ని నెలలు ఉండీ ఉండీ మరకలు పడి విసుగొచ్చింది, ఆ తర్వాత బ్లీడింగ్ బాగా తగ్గింది. లోపలి పొరకి రక్షణ దొరికింది, మాత్రల క్యాలెండర్ పోయింది. నేను వాడినవాటిలో నిస్సందేహంగా మొదటి స్థానం దీనికే.

కానీ లూప్ మగ హార్మోన్లని తగ్గించదు. గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు ఎక్కడివక్కడే. వెంట్రుకలకి ఎఫ్లోర్నిథిన్ క్రీమ్ పూటకోసారి చొప్పున రోజుకి రెండుసార్లు రాస్తున్నాను. ఆఫ్రికాలో వచ్చే నిద్ర జబ్బుకి వాడే మందట ఇది, నా గడ్డం కిందికి చేరింది! వెంట్రుకల్ని రాల్చదు, ఎదుగుదలని నిదానం చేస్తుంది, అంతే. త్రెడ్డింగ్ మానలేదు గానీ పార్లర్‌కి వెళ్లడం బాగా తగ్గింది. రాయడం ఆపేస్తే రెండు నెలల్లో మళ్లీ మొదటికే.

వారానికోసారి పొడిచే బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి మా టీమ్‌లో అందరూ అడుగుతున్నారు. నేను వాడలేదు, మార్కులు వేయను. అవి ఊబకాయానికి, షుగర్‌కి అనుమతి పొందినవి, పీసీఓఎస్‌కని కాదు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఆ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ అయితే గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి.