దస్తీ, సర్జికల్ మాస్కు, ఎన్‌95: దగ్గు ఉన్న ఇంట్లో ఏది మేలు?

మిర్చి సీజన్లో వరంగల్ ఎనుమాముల యార్డులో ముక్కుకు దస్తీ కట్టుకున్నా తుమ్ములు ఆగవు. గాలి ఎప్పుడూ సందు ఉన్న దారే వెతుక్కుంటుంది. బట్టలోంచి దూరడం కష్టమైతే ముక్కు పక్కల నుంచి వస్తుంది. సర్ది, ఫ్లూ, కరోనా, టీబీ ఉన్నవాళ్లు దగ్గినప్పుడు గాలిలో తేలే సన్నటి తుంపర్లదీ అదే దారి. అందుకే మాస్కు కొనేటప్పుడు బట్ట మందం కన్నా అది ముఖానికి ఎంత అతుక్కుందో ముందు చూడాలి.

దస్తీ ఎండకు, దుమ్ముకు సరే. దగ్గేవాళ్లు కట్టుకుంటే పెద్ద తుంపర్లు కొంత ఆగుతాయి. పక్కనున్నవాళ్లు కట్టుకుంటే మాత్రం దక్కే రక్షణ తక్కువ. అదే దస్తీతో చెమట, చేతులు తుడుచుకొని మళ్లీ ముక్కుకు కట్టడం మరీ చెడ్డ అలవాటు. ఏ మాస్కూ దొరకని పూట తప్ప దీని మీద ఆధారపడొద్దు.

సర్జికల్ మాస్కులో మూడు పొరలుంటాయి, రంగు వైపు బయటికి రావాలి. అసలు పని మధ్య పొరది. అందులోని స్థిర విద్యుత్తు సన్నటి కణాలను పట్టి ఉంచుతుంది. సర్ఫు నీళ్లలో ఉతికితే ఆ శక్తి పోతుంది, మాస్కు చూడటానికి మాత్రం కొత్తదిలాగే ఉంటుంది. దీని లోపం చెంపల దగ్గరి సందు. చెవి తాళ్లను మాస్కు అంచుకు ఆనించి ముడేసి, పక్కన లేచిన మడతను లోపలికి తోస్తే ఆ సందు చాలావరకు మూసుకుంటుంది.

ఎన్‌95 మాస్కు 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. మన దగ్గర కొనేటప్పుడు ఐఎస్ 9473 (ఇలాంటి మాస్కులకు మన దేశపు ప్రమాణం), ఎఫ్‌ఎఫ్‌పీ2 (అందులో ఎన్‌95కు దగ్గరి రకం) అన్న ముద్ర చూడండి. చెవులకు తగిలించేవాటి కన్నా తల చుట్టూ రెండు పట్టీలున్నవి బాగా బిగుస్తాయి: ఒక పట్టీ నడినెత్తికి వెనక, రెండోది చెవుల కింద మెడ మీద. పెట్టుకున్నాక రెండు అరచేతులతో మూసి గట్టిగా ఊపిరి వదలండి. గాలి కళ్లకు తగిలితే ముక్కు దగ్గరి తీగ నొక్కాలి, చెంపలకు తగిలితే పట్టీలు సర్దాలి. గడ్డం ఉంటే మాస్కు అతుక్కోదు. వాల్వు ఉన్న మాస్కు రోగికి అసలే వద్దు, వదిలిన ఊపిరి వడపోత లేకుండా ఆ వాల్వులోంచి బయటికొస్తుంది. మాస్కు విప్పాక ప్లాస్టిక్ కవర్లో కాదు, కాగితపు కవర్లో ఆరనివ్వాలి. ఉతకొద్దు.

మా మాట ఇది: దగ్గేవాళ్లకు సర్జికల్, దగ్గరుండి చూసుకునేవాళ్లకు ఎన్‌95. కిక్కిరిసిన ములుగు బస్సెక్కే ముసలివాళ్లకు, గర్భిణులకు, షుగర్ ఉన్నవాళ్లకు కూడా ఎన్‌95 మంచిది. దమ్ము ఆడని రోగికి బలవంతంగా పెట్టొద్దు. రెండేళ్లలోపు పిల్లలకు ఏ మాస్కూ పెట్టకూడదు.

అయితే రోగి ఇరవై నాలుగు గంటలూ మాస్కుతో ఉండలేడు. అక్కడ ఆదుకునేది కిటికీ. స్ప్లిట్ ఏసీ అర్రలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. కూలర్‌ను అర్ర మధ్యలో పెట్టినా అంతే. అదే కూలర్‌ను కిటికీకి బయట అమర్చి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిస్తే బయటి గాలి లోపలికొచ్చి పాత గాలిని తోసేస్తుంది. ఆ రెండో కిటికీ వీధి వైపుండాలి, నడింట్లోకి కాదు. చలికాలంలో తలుపులన్నీ బిగించే ఇళ్లలో టేబుల్ ఫ్యాన్‌ను రోగి అర్ర కిటికీలో బయటి వైపు తిప్పి పెట్టండి. ఇంట్లోని గాలి ఆ అర్రలోకి వచ్చి బయటికి పోతుంది. రోగి వెనక ఫ్యాన్ పెట్టి, మనం ఎదురుగా కూర్చుంటే తుంపర్లన్నీ మన మీదికే.

సబ్బా, శానిటైజరా అంటే ఇంట్లో సబ్బే, 20 సెకన్లు రుద్దాలి. మట్టి, జిడ్డు ఉన్న చేతుల మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. బస్సులో నీళ్లు లేనప్పుడు 60 శాతానికి తగ్గని ఆల్కహాల్ ఉన్నది తీసుకొని, ఆరేదాకా రుద్దండి.

దగ్గు రెండు వారాలు దాటితే మాస్కు మార్చుకుంటూ కూర్చోవద్దు. అది టీబీ ఏమో తేల్చే తెమడ పరీక్ష సర్కారు దవాఖానలో ఉచితం. అందాకా తెమడను గోడవారన ఉమ్మకుండా మూతున్న డబ్బాలో పట్టాలి.