ఊరికి మేలు జరిగిందో లేదో తేల్చేది ఏది: ఇంటింటి సర్వేనా, ఊరి మధ్య కూర్చోవడమా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పనిచేసే చిన్న సంస్థల వాళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు. డబ్బిచ్చే కంపెనీ "మీ పని వల్ల ఏం మారిందో చూపించండి" అంటోంది, మరి సర్వే చేయించాలా, ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడితే చాలా? నేను రెండూ చేశాను. నా ఓటు కూర్చోవడానికే, కానీ సర్వేని పూర్తిగా వదిలేయమని కాదు.

సర్వే ఎందుకు కావాలో తిత్లీ తుపాను చూస్తే తెలుస్తుంది. 2018 అక్టోబర్ 11న అది పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఆ మరుసటి ఏడాది ఇళ్ల ఆదాయం రాసుకుని, మూడేళ్లయ్యాక మళ్లీ రాసుకుంటే చాలా ఇళ్లలో పెరిగే ఉంటుంది, తుపాను దెబ్బ తిన్న ఏడాదితో పోలిస్తే ఏ ఏడాదైనా మెరుగే కదా. అదంతా మన మొక్కల పంపిణీ వల్లే అంటే తప్పు. మనం పనిచేయని, మన ఊరి లాంటిదే అయిన పక్క ఊళ్లో కూడా అవే ప్రశ్నలు అదే సమయంలో అడిగి, రెండు ఊళ్లలో వచ్చిన మార్పుల తేడా చూస్తేనే మన వాటా ఎంతో కొంత తెలుస్తుంది. ఇది ఎంత మాట్లాడినా మాటల్లో తేలదు. దీనికి అంకెలే కావాలి, అవీ పని మొదలవకముందే తీసుకున్నవి కావాలి.

కానీ ప్రశ్న తప్పయితే అంకె కూడా తప్పే. మేం ఒకసారి "నెల ఆదాయం ఎంత?" అని పెట్టాం. జీడిపప్పు ఒలిచే ఒకావిడ "నెలకంటే ఏటి చెప్తాను బాబూ, పనుంటే కేజీల లెక్కన ఇస్తారు, లేని రోజు లేదు" అంది. మా కుర్రాడు ఏదో ఒక అంకె వేసేశాడు. అలాంటి ఫారాలు ఎన్ని కలిపితే మాత్రం ఏం లాభం? సీతంపేట కొండల్లో (ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా) ఇంకో చిక్కు ఉంది, సొంత భాష ఉన్న సవర గిరిజన పెద్దవాళ్లని తెలుగు ఫారంతో అడిగితే సగం జవాబులు మధ్యలో తర్జుమా చేసినవాడివే అవుతాయి.

ఇక కూర్చోవడం. ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీయించి, ఏ ఇంటికి ఏముందో వాళ్లచేతే గుర్తులు పెట్టించే పద్ధతిని గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ లాంటివాళ్లు ప్రపంచమంతా తిప్పారు. ఇంకొక పద్ధతి, ప్రాజెక్టుల ఫలితాలు అంచనా వేసే రిక్ డేవీస్ బంగ్లాదేశ్‌లో మొదలుపెట్టింది: "ఈ ఏడాది మీ ఇంట్లో వచ్చిన మార్పుల్లో మీకు అన్నిటికన్నా పెద్దదనిపించింది ఏది, ఎందుకు?" అని అడిగి, వచ్చిన కథల్లోంచి ముఖ్యమైనవాటిని కలిసి చర్చించి ఎంచడం. మంచినీళ్ల ప్లాంటు పెట్టిన ఒక ఊళ్లో మా ఫారంలో రోజుకు ఎన్ని లీటర్లు, ఎన్ని ఇళ్లు అనే ఉంది. ఆడవాళ్లు పటం గీస్తే తెలిసింది, టిన్ను మోసే మనిషి లేని ముసలివాళ్ల ఇళ్లకి ఆ నీళ్లు చేరడమే లేదని. పిల్లలు వలసపోయిన ఇళ్లవి. దీనికి ఫారంలో గడే లేదు. ఆ మర్నాడే టిన్నులు ఇంటికి చేర్చే ఏర్పాటు గురించి మాట్లాడుకున్నాం.

దీనికీ లోపాలున్నాయి. రచ్చబండ దగ్గర పెట్టారంటే పెద్దమనుషులే మాట్లాడతారు, అందుకే ఆడవాళ్లతో విడిగా, ఎస్సీ కాలనీలో వాళ్ల వీధిలోనే, పనుల నుంచి వచ్చాక సాయంత్రం కూర్చోవాలి. కంపెనీ వాళ్లు పక్కనుంటే అన్నీ బాగున్నాయనే అంటారు. పైగా ఒక కథ ఎన్ని ఇళ్లకి నిజమో కథ చెప్పదు.

పెట్టిన రూపాయికి ఎన్ని రూపాయల సామాజిక మేలు జరిగిందో లెక్కగట్టే పద్ధతి కూడా ఉంది. చిన్న సంస్థకి వద్దు, అందులో ఊహలు ఎక్కువ.

కాబట్టి నా మాట ఇది. ముందు కూర్చోండి, ఊరివాళ్లు ఏది మార్పు అంటున్నారో వినండి, దాన్నుంచి పది పన్నెండు ప్రశ్నలు తయారుచేసి పని మొదలవకముందే అడగండి. ఒక్కదానికే డబ్బుంటే కూర్చోవడమే చేయండి. పెద్ద అధ్యయనం కావాలని కంపెనీ పట్టుబడితే 2021 సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజం కోసం చట్టప్రకారం పెట్టాల్సిన ఖర్చు) నిబంధనలు చూపించండి: సగటున ఏడాదికి 10 కోట్లు, ఆపైన సీఎస్‌ఆర్ ఖర్చు చేయాల్సిన కంపెనీలకి, అదీ కోటి, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టులకే బయటివాళ్లచేత ప్రభావ అంచనా తప్పనిసరి.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు తగ్గిస్తామని మాత్రం రెండేళ్ల ప్రాజెక్టులో రాయకండి, ఆ జబ్బుకి కారణమే ఇంకా కచ్చితంగా తేలలేదు. ఏ నీళ్లు తాగుతున్నారు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఎంతమంది చేయించుకున్నారు, అవి కొలవండి. కొబ్బరీ అంతే, నాటు రకం కాపుకి రావడానికి ఐదారేళ్లు పడుతుంది, మూడో ఏడాదికి ఎన్ని మొక్కలు బతికాయో లెక్కపెట్టండి చాలు. సర్వే మాత్రం సంక్రాంతి వారంలో పెట్టకండి, వలస వెళ్లినవాళ్లంతా ఇంట్లోనే ఉండి, చేతిలో నాలుగు డబ్బులుండే ఆ వారం లెక్క మిగతా ఏడాదికి సరిపోదు.