యూట్యూబ్ స్టూడియో: జనం ఎక్కడ ఆగారో, ఎక్కడ వెళ్లిపోయారో చూపించే పనిముట్టు

ఛానల్ పెట్టిన ప్రతివాళ్లకీ స్టూడియో ఉచితంగా వస్తుంది. చాలామంది దాన్ని తెరిచేది సబ్‌స్క్రైబర్లు ఎంతమంది అయ్యారో చూసుకోడానికే. అక్కడున్న అంకెలన్నిట్లో తక్కువ పనికొచ్చేది అదే. మన వీడియో చూసేవాళ్లకి పట్టిందా లేదా తెలియాలంటే రిటెన్షన్ గ్రాఫు, అంటే వీడియోలో ఏ చోట ఎంత శాతం మంది ఇంకా చూస్తున్నారో చూపే గీత చూడాలి, కామెంట్లు చదవాలి.

గ్రాఫు వీడియో పెట్టిన ఒకటి రెండు రోజులకి తయారవుతుంది. మొదటి 30 సెకన్లు దాటేసరికి ఎంత శాతం మంది మిగిలారో విడిగా చూపిస్తుంది. గీత పడిపోయిన చోట జనం ముందుకు జరిపారు, లేదా వెళ్లిపోయారు. లేచిన చోట వెనక్కి తిప్పుకుని మళ్లీ చూశారు. లేచింది కదా అని సంబరపడే ముందు అక్కడ ఏముందో చూడండి. ఆవకాయ వీడియోలో కారం, ఆవపిండి, ఉప్పు కొలతలు చెప్పే దగ్గరే లేచిందంటే, గబగబా చెప్పేశారు, చూసేవాళ్లకి అందలేదు అన్నమాటే కావచ్చు. వెంటనే ఆ కొలతలు కామెంటుగా రాసి, అన్నిటికంటే పైన కనిపించేలా పిన్ చేయండి. తర్వాతి వీడియోలో గిన్నె చూపిస్తూ అంకెని స్క్రీన్ మీద ఇంకాసేపు ఉంచండి. కింద పదిమంది అడిగేలోపే జవాబు దొరికితే ఆ ఛానల్ మీద నమ్మకం కుదురుతుంది.

మొదట్లోనే గీత జారిపోతోందంటే కారణం తరచుగా పొడుగాటి పలకరింపూ, లైక్ షేర్ సబ్‌స్క్రైబ్ అనే విన్నపమూ. స్టూడియోలోని ఎడిటర్‌తో ఆ ముక్కని కత్తిరించేయొచ్చు. లింకు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. ఒక షరతు ఉంది: యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా ఇచ్చే పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేని ఛానల్ అయితే, లక్ష వ్యూస్ దాటిన వీడియోని కత్తిరించడం కుదరదు. కాబట్టి ఆ పని తొందరగా చేసేయాలి.

థంబ్‌నెయిల్, అంటే వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ, దాని పరీక్ష నాకు బాగా నచ్చిన సదుపాయం. మూడు బొమ్మల దాకా పెట్టొచ్చు, ఫలితానికి రెండు వారాల వరకూ పట్టొచ్చు. గెలుపు తేల్చేది ఎంతమంది నొక్కారన్నది కాదు, ఏ బొమ్మ చూసి వచ్చినవాళ్ల వల్ల ఎక్కువ వాచ్ టైమ్ (చూసిన మొత్తం సమయం) వచ్చిందన్నది. లేనిది ఉన్నట్టు చూపించిన బొమ్మకి క్లిక్కులు పడినా, జనం లోపలికొచ్చి వెంటనే వెళ్లిపోతే అది నిలవడం కష్టం. నిజాయితీగా పనిచేసేవాళ్లకి ఇది న్యాయమైన కొలత. మూడు బొమ్మలూ ఒకేలా ఉంటే మాత్రం తేడా తేలదు. ఒకదాంట్లో వంట, ఒకదాంట్లో మనిషి, ఇంకోదాంట్లో కొలతలు పెట్టి చూడండి.

కామెంట్ల పేజీలో మీరు జవాబివ్వనివి, ప్రశ్నలున్నవి వేరు చేసే ఫిల్టర్లు ఉన్నాయి. రోజూ ముందు ఆ రెండూ కలిపి పెట్టుకుని, ప్రశ్నలు అడిగినవాళ్లకి జవాబు రాయండి. హార్ట్ గుర్తు ఒక్కటీ ఇచ్చి వదిలేస్తే అడిగినదానికి జవాబు రానట్టే. తెలుగు ఛానళ్లకి అసలు ఇబ్బంది బూతుల దగ్గర. మనవాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, ఒక్కో మాటకి నాలుగైదు స్పెల్లింగులు. బ్లాక్డ్ వర్డ్స్ అనే జాబితాలో ఉన్న మాటలున్న కామెంట్లు బయటికి కనిపించకుండా ఆగుతాయి; అందులో అవన్నీ విడివిడిగా చేర్చాలి, లేకపోతే కొన్ని జారిపోతాయి. అలా ఆగిన కామెంట్లని అప్పుడప్పుడు తెరిచి చూడండి, మంచివి కూడా అందులో ఇరుక్కుంటాయి.

షార్ట్స్ వ్యూస్ చూసి మోసపోవద్దు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలవడమే వ్యూ కింద లెక్క. దాటేయకుండా ఆగి చూసినవాటిని లెక్కపెట్టే ఎంగేజ్డ్ వ్యూస్ అనే వరస తెరిచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. కత్తిరించడానికి, థంబ్‌నెయిల్ పరీక్షకి కంప్యూటర్ కావాలి. ఫోన్‌లోనే అంతా చేసుకునేవాళ్లకి ఇది పెద్ద లోటు. కొత్త ఛానళ్లకి ఆడియన్స్ ట్యాబ్‌లో చాలా గళ్లు ఖాళీగా ఉంటాయి. జనం ఏ వేళకి ఉంటారో చూపే ఊదారంగు పట్టీలు లైవ్‌కి, ప్రీమియర్‌కి (ముందే చెప్పిన వేళకి అందరూ కలిసి చూసేలా విడుదల చేసే వీడియోకి) పనికొస్తాయి. మామూలు వీడియోకి ఆ గంట కోసం కాచుకోనక్కర్లేదు, పెట్టిన వేళ వల్ల వీడియో దీర్ఘకాలంలో బాగా ఆడుతుందని యూట్యూబ్ కూడా అనడం లేదు.