అపార్ ఐడీ: మూడు విద్యా సంవత్సరాల వాడకం తర్వాత

ఉత్తర తెలంగాణలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో కామర్స్ బోధిస్తూ, మూడు విద్యా సంవత్సరాలుగా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ) పనిని కూడా చూస్తున్నాను. పాసైన కోర్సులకు వచ్చే క్రెడిట్లను విద్యార్థి పేరిట ఆన్‌లైన్ ఖాతాలో జమచేసే ఏర్పాటు ఇది. ఆ ఖాతాకు మొదట ఏబీసీ ఐడీ అని పిలిచిన పన్నెండంకెల నంబరునే ఇప్పుడు అపార్, అంటే విద్యార్థి శాశ్వత విద్యా గుర్తింపు సంఖ్య, అంటున్నారు. విద్యార్థుల చేత ఆ నంబరు తీయించడం, ఫలితాలు వచ్చాక క్రెడిట్లు వారి ఖాతాల్లో పడ్డాయో లేదో చూడడం, పడనివాటి గురించి పరీక్షల విభాగానికి రాయడం నా పని. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి బడి ద్వారా అదే నంబరు తీయించాను కనుక తల్లిదండ్రుల వైపు ఇబ్బందులు కూడా నాకు అనుభవమే.

ఆధార్‌కు అనుసంధానమైన ఫోను చేతిలో ఉంటే పత్రాలను డిజిటల్‌గా దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఈ నంబరు తీయడం ఐదు నిమిషాల పని. అయితే ఆ ఫోను చాలామంది చేతిలో ఉండదు. మా పిల్లల్లో కొందరి ఆధార్‌కు ఉన్నది గల్ఫ్‌లో పనిచేస్తున్న తండ్రి నంబరు, మరికొందరికి ఎప్పుడో పారేసిన సిమ్ముది. తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలైన దోస్త్ నమోదుకు కూడా ఆధార్‌కు అనుసంధానమైన ఫోనే కావాలి కనుక ఆ సమయంలో కొంత సర్దుబాటు జరుగుతుంది. నేరుగా కళాశాలలో చేరినవారి విషయంలో మాత్రం ఓటీపీ కోసం తండ్రికి వాట్సాప్ కాల్ చేసి, ఆయన డ్యూటీ దిగేవరకు ఆగిన రోజులు నాకు లెక్కలేనన్ని.

అసలు చిక్కు పేరు దగ్గర ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై, కొన్నిసార్లు చివరకు చేరుతుంది. లక్ష్మి అనే పేరును ఒక కాగితంలో కేఎస్‌హెచ్‌తో, ఇంకో కాగితంలో ఎక్స్‌తో రాస్తారు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే పేరు, కానీ కంప్యూటరు చూసేది ఇంగ్లిషు అక్షరాలను. డిగ్రీ మధ్యలో పెళ్లయి, ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు చేర్పించుకున్న అమ్మాయిల సంగతి మరీ కష్టం. మొదటి సంవత్సరం క్రెడిట్లు పుట్టింటి పేరుతో, తర్వాతివి మెట్టినింటి పేరుతో వచ్చి, రెండూ ఒక్కరివేనని నిరూపించే బాధ్యత ఆమె మీదే పడుతుంది. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంది కనుక, ఏది ఎలా సరిచేయాలో తెలియకుండా తొందరపడి ఆధార్ కేంద్రానికి పరుగెత్తవద్దని చెబుతుంటాను. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిపోల్చుకోవడమే నేను చూసినంతలో తక్కువ కష్టంతో అయ్యే పని.

పేరు కుదిరిన తర్వాత మాత్రం ఈ ఏర్పాటు నిజంగా ఉపయోగపడుతుంది. ఇంటి పరిస్థితుల వల్ల రెండో సంవత్సరంలో చదువు ఆపేసిన ఒక విద్యార్థిని ఖాతాలో అప్పటిదాకా సంపాదించిన క్రెడిట్లన్నీ సెమిస్టర్ వారీగా కనిపిస్తున్నాయి. 2021 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం క్రెడిట్లు గరిష్ఠంగా 7 ఏళ్లు చెల్లుతాయి కనుక ఆమెకు తిరిగి వచ్చే దారి ఇంకా మూసుకుపోలేదు. కనిపించే క్రెడిట్లన్నిటినీ మరో విశ్వవిద్యాలయం కళ్లు మూసుకుని ఒప్పుకుంటుందనుకోవడం పొరపాటు. సిలబస్ పోల్చి, ఏ పేపరు ఏ పేపరుకు సమానమో తేల్చేది చేర్చుకునేవారే. అక్కడ మళ్లీ పాత పద్ధతిలో కాగితాలు, కమిటీ, నిరీక్షణ తప్పవు.

ఫీజు బకాయి పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లను బీరువాలో పెట్టుకునే అలవాటు మన ప్రాంతపు కళాశాలలకు పాతదే. వాటిని ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. డిజిలాకర్‌లో జారీ అయిన పత్రానికి చట్టప్రకారం అసలు పత్రంతో సమానమైన విలువ ఉంది కనుక, మెమో అందులోకి చేరిన విద్యార్థి మీద బీరువా తాళానికి పట్టు తగ్గాలి. కొంత తగ్గింది కూడా. అయినా ఉద్యోగానికి వెళ్లిన మా పూర్వ విద్యార్థి ఒకరిని, ఫోనులో మెమో చూపించిన తర్వాత, గెజిటెడ్ సంతకంతో జిరాక్సు తెమ్మన్నారు.

అదే తాళం ఇప్పుడు కంప్యూటర్‌లోకి మారిందని మా అమ్మాయి బడి మార్చినప్పుడు తెలిసింది. బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థికీ పెన్ అనే పదకొండంకెల నంబరు ఉంటుంది. పాత బడి ఆ విద్యార్థిని డ్రాప్ బాక్స్ అనే, బడి విడిచినవారి జాబితాలోకి వదిలితేనే కొత్త బడి తన జాబితాలోకి తీసుకోగలదు. బస్సు ఫీజు లెక్కలో తేడా ఉందంటూ మునుపటి బడి నెలకు పైగా వదలలేదు. చేతిలో టీసీ ఉంది, కొత్త తరగతిలో హాజరు పడుతోంది, పోర్టల్‌లో మాత్రం పిల్ల పాత బడిలోనే చదువుతోంది. చివరకు డబ్బు కట్టాను.

అపార్ కోసం బడి తల్లిదండ్రుల సంతకం తీసుకునే అంగీకార పత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. అపార్ ఐచ్ఛికమని, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని ప్రభుత్వమే చెబుతోంది. బడి నుంచి వచ్చిన సందేశంలో రేపటిలోగా సంతకం చేసి పంపమని తప్ప ఆ మాట లేదు. ఆస్ట్రేలియాలో వృత్తి విద్యకు వెళ్లిన మా పాత విద్యార్థి ఒకరు అక్కడి విద్యార్థి గుర్తింపు నంబరైన యూఎస్‌ఐ ఖాతాను వీడియో కాల్‌లో నాకు చూపించారు. తన ట్రాన్‌స్క్రిప్టును ఏ శిక్షణ సంస్థ చూడవచ్చో అనుమతించేది ఆయనే. మన దగ్గర కూడా అంత స్పష్టత ఉంటే బాగుంటుందని అసూయపడ్డాను.

నంబరు తీసుకోవాలా అని అడిగేవారికి తీసుకోమనే చెబుతున్నాను. ఈ ఏడాది నుంచి ప్రవేశాల బల్ల దగ్గర నేను ముందుగా అడిగేది ఆ నంబరును కాదు. పదో తరగతి మెమోను, ఆధార్‌ను పక్కపక్కన పెట్టించి పేరును అక్షరం అక్షరం చదివిస్తున్నాను. ఆ తర్వాతే ఫోను తీయమంటున్నాను.