విజయనగరంలో మౌఖిక చరిత్ర శిక్షణ: వెళ్లొచ్చు, కానీ...

మ్యూజియాల్లో, గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లకి పెద్దవాళ్ల జ్ఞాపకాలు ఎలా రికార్డు చేయాలో నేర్పే శిక్షణ విజయనగరంలో పెడితే వెళ్లాను. ఫీజు కట్టి వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు. లోపాలూ ఉన్నాయి, అవీ చెప్తాను.

మొదట్లో అంతా క్లాసే. 1948లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో అలన్ నెవిన్స్ అనే చరిత్రకారుడు ఇలా జ్ఞాపకాలు రికార్డు చేసే పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి చెప్పుకొచ్చారు, కాస్త సాగింది. అసలు పాఠం పొందూరులో జరిగింది. ఖాదీ నూలు వడికే ఒక పెద్దావిడ ఇంట్లో కూర్చున్నాం. ఆవిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతూ మాట్లాడుతుంటే, ఆ గీరుకునే చప్పుడు కూడా రికార్డులో పడాలని మాకు నేర్పే మేడమ్ మైకు కొంచెం కిందికి జరిపారు, ఫ్యాను మాత్రం ఆపించేశారు. మాలో ఒకాయన "గాంధీగారే మెచ్చుకున్న ఖద్దరు కదమ్మా, గర్వంగా ఉంటుందా?" అని అడిగారు. "ఆఁ, ఉంటాది బాబూ" అని ఊరుకుందావిడ. అప్పుడు మేడమ్ "ఈ పని మీకెవరు నేర్పారమ్మా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు, ఎంతసేపటికీ ఎవరూ పలకరు, మాకేమో టెన్షన్, ఆ తర్వాత ఆవిడే వాళ్ల అత్తగారి పనితనం, కూలి డబ్బుల లెక్క, కోడలు ఈ పనికి ఎందుకు రానందీ వరసగా చెప్పుకుపోయింది. జవాబు మనమే అందించి అడిగితే ఏం దక్కదో ఆ పూట కళ్లారా చూశాం.

అంగీకార పత్రం గురించి చెప్పిన తీరు కూడా నచ్చింది. సంతకం పెట్టించుకుని వచ్చేయడం కాదు, రికార్డు ఎక్కడ ఉంటుంది, ఎవరు వింటారు, వద్దనుకున్న ముక్క తీయించుకునే వీలుందా, అన్నీ చదివి వినిపించాలన్నారు. 1960ల చివర్లో సాగిన శ్రీకాకుళం సాయుధ పోరాటం గురించి నోరు విప్పేవాళ్ల విషయంలో ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు, ఒక్క పేరు బయటపడితే ఊళ్లో ఇప్పటికీ గొడవే. ఇంత చెప్పి మా చేతికిచ్చిన ఫారం మాత్రం ఇంగ్లీషులో ఉంది! చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయిస్తే అది అంగీకారం ఎలా అవుతుంది?

ఇంకో లోపం, సవర అనే గిరిజన భాష మాట్లాడేవాళ్ల ఊసే లేదు. గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని నిఘంటువులు తయారుచేసిన ప్రాంతం ఇది. మధ్యలో ఒక భాష మాటని ఇంకో భాషలోకి మార్చి చెప్పే మనిషి ఉన్నప్పుడు ఇంటర్వ్యూ ఎలా చేయాలో ఒక పూటైనా చెప్పాల్సింది. విన్నది రాతలో పెట్టడం కూడా హడావిడిగా ముగించారు. ఆ మనిషి యాసని సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు రాయండి అని మాత్రం గట్టిగా చెప్పారు, అది చాలా మంచి మాట.

ఫైళ్లు మూడు కాపీలు దాచి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో పెట్టమన్నారు. 2018లో తిత్లీ తుపాను చూసిన జిల్లావాళ్లం, ఎందుకని ఎవరూ అడగలేదు.

వెళ్లేవాళ్లు తెలుగు ఫారం ఇస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఖరీదైన రికార్డర్ కొనక్కర్లేదు, కాలర్ మైకు పెట్టి ఫోన్లో వేవ్ ఫైల్‌గా (శబ్దాన్ని కుదించకుండా దాచే రకం) రికార్డు చేసుకుంటే సరిపోతుంది.