సూర్యారావుపేటలోని ఓఈటీ శిక్షణ కేంద్రంపై నా అభిప్రాయం

బ్రిటన్‌లో నర్సుల నమోదు చూసే ఎన్‌ఎంసీ 2017 నుంచి, వైద్యసిబ్బంది ఇంగ్లిష్‌ను పరీక్షించే ఓఈటీని అంగీకరిస్తోంది. దానికోసం విజయవాడ సూర్యారావుపేటలో సాయంత్రాలు నడిచే ఒక చిన్న శిక్షణ కేంద్రంలో చేరాను. చుట్టుపక్కల ఆసుపత్రుల్లో డ్యూటీ దిగి వచ్చే నర్సులే అక్కడ ఎక్కువ.

పదాలను బట్టీ పట్టించకపోవడం ఈ కేంద్రంలో నాకు బాగా నచ్చింది. ‘ఇన్సిడియస్లీ’ అనే క్రియావిశేషణాన్ని బోధించిన తీరే అందుకు నిదర్శనం. ‘చాపకింద నీరులా’ అని అర్థం చెప్పి ఊరుకోకుండా, ఆ రెండూ ఎక్కడ విడిపోతాయో మేడమ్ గారు చూపించారు. ఒక పార్టీకి పల్లెల్లో చడీచప్పుడు లేకుండా ఆదరణ పెరిగినా మనం చాపకింద నీరులా అంటాం. ఇన్సిడియస్లీ మాత్రం కీడుకే చెల్లుతుంది. రోగి ఎంత నెమ్మదిగా కోలుకున్నా అక్కడ రాయవలసింది ‘గ్రాడ్యువల్లీ’. ‘మాటు’ అనే అర్థమున్న లాటిన్ పదం ‘ఇన్సిడియస్లీ’కి మూలం కనుక, మనుషుల విషయంలో వాడితే కుట్ర ధ్వనిస్తుంది. రోగం విషయంలో మాత్రం, గుర్తించేలోపే నష్టం జరిగిపోతోందన్న భావమే ఉంటుంది. నొప్పి లేకుండా పక్కచూపును హరించే గ్లాకోమాకు ఈ మాట సరిగ్గా సరిపోతుంది. హఠాత్తుగా వచ్చే గుండెపోటుకు గానీ, మొదటి నుంచీ రోగికి తెలుస్తూనే మెల్లగా పెరిగిన నొప్పికి గానీ సరిపోదు. ఇతరులకు కంటగింపు కలిగించేలా అనే అర్థమున్న ‘ఇన్విడియస్లీ’తో పొరబడవద్దని కూడా హెచ్చరించారు. పరీక్ష రాత భాగంలో రోగి గురించి 45 నిమిషాల్లో పూర్తిచేయవలసిన లేఖలో ఇటువంటి ఒక్క పదం తప్పినా రోగి చరిత్ర అర్థమే మారిపోతుంది కాబట్టి, ఈ శ్రద్ధ నాకు ఎంతో విలువైనదిగా తోచింది.

పరీక్షలోని మాట్లాడే భాగానికి ఇచ్చిన శిక్షణలో ఆ శ్రద్ధ కనిపించలేదు. గ్లాకోమా ఉన్న పెద్దాయనకు ధైర్యం చెప్పే సంభాషణలోనూ ‘ఇన్సిడియస్లీ’ అనే బరువైన మాటే మాతో పలికించారు. నొప్పి లేదని మందు చుక్కలు మానవద్దని, చూపు తెలియకుండానే తగ్గుతుందని తేలిక ఇంగ్లిష్‌లో చెప్పడమే అక్కడ అవసరం.

ఫీజు నాకు అధికమనిపించలేదు. రాత భాగం కోసం నిస్సందేహంగా చేరవచ్చు. మాట్లాడే భాగంలో రోగి పాత్రకు మాలోనే మరొక నర్సును కాకుండా, వైద్యరంగంతో సంబంధం లేనివారిని కూర్చోబెట్టవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను.